ధర ఒకచోట, హక్కు ఒకచోట

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌నీ కేరళ కె-ఫోన్‌నీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం ఉంది. రెండూ రాష్ట్ర ప్రభుత్వాలు సొంతంగా తలకెత్తుకున్న ఇంటర్నెట్ పథకాలు. రెండూ కరెంటు స్తంభాలనే నమ్ముకున్నాయి. ప్రైవేటు కంపెనీకి లాభం కనబడని ఊరికీ ఇంటికీ కనెక్షన్ ఇవ్వడమే తమ పని అన్నాయి. అయినా వీటి మీద ఇన్నేళ్లుగా నడిచిన చర్చ డబ్బు చుట్టూనే తిరిగింది. మన దగ్గర ఫైబర్‌నెట్ అనగానే టెండర్లు, సీఐడీ కేసు, ఎవరి హయాంలో ఎంత పోయిందన్న వాదులాట. కేరళలో వెయ్యి కోట్ల పైచిలుకు అంచనా 1,548 కోట్లకు ఎందుకు పెరిగిందని నాటి ప్రతిపక్ష నేత వి.డి. సతీశన్ హైకోర్టుకు వెళ్లారు. 2024లో ఆ పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది.

డబ్బు లెక్క అడగాల్సిందే. కానీ ఆ గొడవలో అసలు ప్రశ్న మూలన పడింది. ఈ పథకాలు పేద ఇంటిని ఏమనుకున్నాయి? చౌకగా ఇస్తే కొనుక్కునే ఇల్లు అనుకున్నాయా, ప్రభుత్వం బాకీ పడ్డ ఇల్లు అనుకున్నాయా? రెండు రాష్ట్రాల మధ్య తేడా అంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆ తేడా వల్ల ఏ ఇంటికి ఏమి దక్కింది, ఏమి దక్కలేదు అన్నదే చూడాలి.

మన కథ 2014 అక్టోబరు 12న విశాఖను ఊపేసిన హుద్‌హుద్ తుపాను నుంచి చెప్పుకోవాలి. స్తంభాలు కూలాయి, సెల్ టవర్లు మూగబోయాయి. దూరాన ఉన్నవాళ్లు విశాఖలోని తమవాళ్ల క్షేమం తెలియక అల్లాడిపోయారు. ఆ దెబ్బ తర్వాతే విశాఖలో కరెంటు తీగలను భూమిలోకి దించే పనికి ప్రపంచ బ్యాంకు సాయం తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది, 2015లో, ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ పుట్టింది. ఒకవైపు నగరంలో తీగలు భూమిలోకి దిగుతుంటే, ఈ సంస్థ రాష్ట్రమంతా తన తీగను స్తంభాల మీద వేలాడదీసింది. భూమిలో వేయాలంటే దాదాపు 5 వేల కోట్లు, ఏళ్ల తరబడి పని. స్తంభాల మీదైతే 333 కోట్లు, నెలల్లో పని. నాటి ప్రభుత్వం పదేపదే చెప్పిన లెక్క ఇది. సబ్‌స్టేషన్లలో పరికరాలు బిగించి, అక్కడి నుంచి ఊళ్లవైపు సుమారు 23 వేల కిలోమీటర్ల తీగ లాగారు.

ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. భూమి తవ్వాలంటే రోడ్లు భవనాల శాఖ, పంచాయతీ, రైల్వే, అటవీ శాఖ, ఒక్కొక్కరి అనుమతి కోసం ఒక్కో ఏడాది తిరగాలి. దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేస్తామని 2011 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన పథకం పేరు మార్చుకుని భారత్‌నెట్ అయింది, గడువులు మాత్రం వరసగా దాటిపోయాయి. తెలంగాణ ఇంకో దారి పట్టింది. మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్‌కు కూడా గొట్టం వేసుకుంది. తవ్వకం ఖర్చు ఒక్కసారే. తెలివైన పనే. అయితే గొట్టం ముందే పడినా ఇంటికి కనెక్షన్ రావడానికి ఏళ్లు పట్టింది. స్తంభం మీది తీగ అంతకాలం ఆగలేదు. 2016 చివర్లోనే కోనసీమలోని మోరి ఊళ్లో ఇంటింటికీ వెళ్లింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభమైంది. నెలకు 149 రూపాయలు. దానికి సెకనుకు 15 మెగాబిట్ల వేగంతో ఇంటర్నెట్, ఫోను, 250 దాకా టీవీ చానెళ్లు.

ఆ మూడింటిలో ఇంటికి దారి చేసింది టీవీ. ఇంటర్నెట్ ఎందుకని అడిగే ఇల్లాలికి కూడా సీరియల్ కావాలి. అప్పటికే కేబుల్‌కు నెలనెలా కడుతున్న డబ్బులోనే ఇంటర్నెట్ కూడా వస్తుందంటే వద్దనేవాళ్లు తక్కువ. ఫైబర్‌నెట్‌ను గట్టెక్కించిన ఆలోచన ఇదేనని నేను అనుకుంటాను. ప్రభుత్వం ఊరికొక కొత్త ఉద్యోగిని పెట్టుకోలేదు. ఊళ్లో పాతికేళ్లుగా డిష్షులు, వైర్లు, నెలవారీ చందాలు చూసుకుంటున్న కేబుల్ ఆపరేటర్‌ను తనవాడిగా చేసుకుంది.

ఆ మనిషి పనిని దగ్గరగా చూస్తేగానీ ఈ విధానం బలం అర్థం కాదు. ఇంట్లో బాక్సు మీద ఎర్ర లైటు వెలిగిందంటే గాజుతీగ ఎక్కడో తెగిందని అర్థం. పెద్దావిడ కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు చేయదు. “బాబూ, బాక్సు ఎర్రగా ఎలుగుతోందిరా” అని కేబుల్ అబ్బాయికే చేస్తుంది. “ఆయ్, వత్తన్నానండీ, రామాలయం కాడ లారీ తగిలి తీగ తెగిందండి” అంటాడతను. బండి మీద నిచ్చెన, భుజాన స్ప్లైసింగ్ మిషను. వెంట్రుకంత గాజుపోగు పైపొర ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, బ్లేడు మీద అడ్డంగా కోసి, రెండు కొసలనూ మిషన్‌లో ఎదురెదురుగా పెడతాడు. చిన్న మెరుపుతో రెండూ అతుక్కుంటాయి. దుమ్ము రేణువు పడితే మళ్లీ మొదటినుంచి. బజారులో నిలబడి, ఎండలో, చెమట పట్టిన చేతులతో చేసే పని ఇది. ఆ నెల చందా ఇవ్వలేకపోతే “వచ్చే నెల కలిపి ఇవ్వండమ్మా” అనేదీ అతనే. ఏ జీవోలోనూ లేని ఆ వెసులుబాటు వల్లే చాలా పేద ఇళ్లలో కనెక్షన్ నిలిచింది.

ఇక కేరళ. 2017 మార్చి బడ్జెట్‌లో నాటి ఆర్థికమంత్రి థామస్ ఐజాక్ ఇంటర్నెట్‌ను పౌరుడి హక్కుగా ప్రకటించారు. ఇరవై లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇస్తామన్నారు, మిగతావాళ్లకు తక్కువ ధరకు, ముప్పై వేల ప్రభుత్వ కార్యాలయాలకు కూడా. మాటవరసకు అన్న మాట కాదది. రెండేళ్ల తర్వాత ఆ రాష్ట్ర హైకోర్టులోనూ అదే మాట మోగింది. కోళిక్కోడు జిల్లాలో ఒక కాలేజీ హాస్టలు అమ్మాయిలకు సాయంత్రం ఆరు నుంచి పది దాకా సెల్‌ఫోన్ నిషేధించింది. ఒప్పుకోని విద్యార్థినిని బయటకు పంపింది. 2019 సెప్టెంబరు 19న జస్టిస్ పి.వి. ఆశ ఇచ్చిన తీర్పు, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని చెప్పింది. ఆ అమ్మాయిని మళ్లీ హాస్టల్లో చేర్చుకొమ్మంది. మన దగ్గర అదే కాలంలో ఇంటర్నెట్ గురించిన రాజకీయ ప్రసంగమంతా 149 రూపాయల చుట్టూ ఉంది. హక్కు అన్న మాట వినబడలేదు.

కానీ కేరళ ప్రకటించిన హక్కు ఇంటికి చేరలేదు. అది కరోనా కాలంలో నిలువునా బయటపడింది. 2020 జూన్ 1న అక్కడి ప్రభుత్వం విక్టర్స్ చానెల్లో ‘ఫస్ట్ బెల్’ పేరుతో పాఠాలు మొదలుపెట్టింది. టీవీ గానీ ఇంటర్నెట్ గానీ లేని పిల్లలు రెండున్నర లక్షలకు పైగా ఉన్నారని సర్కారు లెక్కే చెప్పింది. ఆ మొదటి రోజునే మలప్పురం జిల్లాలో తొమ్మిదో తరగతి చదివే ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయి ఉంది, ఫోనుకు రీఛార్జి చేయించే డబ్బు లేదు. హక్కుగా ప్రకటించి మూడేళ్లయినా కె-ఫోన్ తీగ ఏ పేద ఇంటికీ ఇంకా వెళ్లలేదు. గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో టీవీలు పెట్టి పిల్లలను కూర్చోబెట్టింది అక్కడి ఇరుగుపొరుగు సమాజం. కేరళ నిజంగా గర్వపడాల్సింది ఆ గ్రంథాలయాలను చూసి.

కె-ఫోన్ చివరికి 2023 జూన్ 5న ప్రారంభమైంది. ఇరవై లక్షల మాట మొదటి విడతలో పద్నాలుగు వేలయింది. అది అవసరాన్ని బట్టి వేసిన లెక్క కాదు. 140 శాసనసభ నియోజకవర్గాలు, ఒక్కోదానికి వంద ఇళ్లు. మంజేశ్వరంలో ఎంత పేదరికం ఉందో, వయనాడు గిరిజన ఊళ్లలో ఎంత ఉందో, ఎర్నాకుళం నగరంలో ఎంత ఉందో చూడకుండా అందరికీ వందే. హక్కు అన్నప్పుడు అది నియోజకవర్గానికి వంద చొప్పున పంచే వస్తువు ఎలా అవుతుంది? ఆ వందమందిని స్థానిక సంస్థలు ఏరాలి, జాబితా పంపాలి, ఆ జాబితాను పరిశీలించాలి, ఆ తర్వాత తీగ వెళ్లాలి. ప్రారంభోత్సవం నాటికి ఆ పద్నాలుగు వేలు కూడా పూర్తి కాలేదు. డబ్బు కట్టేవాళ్లకు మాత్రం అప్పటికే నెలకు 299 రూపాయల నుంచి, సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో పథకాలు సిద్ధంగా ఉన్నాయి.

హక్కు అన్న రాష్ట్రం పేద ఇళ్లకు వేలల్లో కూడా సరిగా ఇవ్వలేకపోయింది. హక్కు ఊసే ఎత్తని రాష్ట్రం లక్షల ఇళ్లకు చేర్చింది. దీనికి మన ప్రభుత్వం మంచిదనో వాళ్లది చెడ్డదనో కారణం చెప్పలేం. కేరళలో కేబుల్ ఆపరేటర్లు అప్పటికే సంఘంగా కూడి, సొంతంగా కేరళ విజన్ అనే కంపెనీ పెట్టుకుని, రాష్ట్రమంతా ఇంటర్నెట్ ఇస్తున్నారు. మనవాళ్లకు అలాంటి కూడిక లేదు కాబట్టి ఫైబర్‌నెట్ గొడుగు కిందకు రావడం వాళ్లకూ లాభమే. కేరళలో ప్రభుత్వం వచ్చేసరికి ఊళ్లో ఆ చోటు ఖాళీగా లేదు. పేదల జాబితా ఒక్కటే దానికి మిగిలిన పని. ఆ ఒక్క పనీ దస్త్రాల్లో ఇరుక్కుంది. కేరళ విజన్ తీగమీదే పేద ఇంటి చందాను ప్రభుత్వం కట్టి ఉంటే ఇరవై లక్షల మాటకు చాలా దగ్గరికి వెళ్లేవాళ్లు. సొంత తీగ వేయాలన్న పట్టుదల అక్కడ పేదవాడికి మేలు చేయలేదనే నేను అంటాను.

అయితే కేరళ చేసిన ఒక పనిని మనవాళ్లు నేర్చుకోవాలి. స్తంభాల యజమాని కేరళ స్టేట్ ఎలక్ట్రిసిటీ బోర్డును కె-ఫోన్ కంపెనీలో సమాన వాటాదారుగా పెట్టారు. తీగ తెగితే నష్టం తనది కూడా. మన దగ్గర స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కంది, తీగ ఫైబర్‌నెట్‌ది, చివరి జానెడు వైరు ఆపరేటర్‌ది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం మీద విరుచుకుపడి ఉద్దానంలో స్తంభాలను వేలల్లో నేలకూల్చింది. డిస్కంల సిబ్బంది రాష్ట్రమంతటి నుంచి వచ్చి స్తంభాలు నిలబెట్టారు, కరెంటు తీగలు కట్టారు. వాళ్ల గడువు కరెంటుకే. పడిన స్తంభంతో పాటు తెగిన గాజుతీగను ఎత్తిపట్టుకోవడం వాళ్ల పని కాదు. అది ఎవరి పనో తేలేదాకా ఆ బాక్సు మీద ఎర్ర లైటే.

ఒకే స్తంభం మీద రెండు తీగలున్నాయి. వాటిలో కరెంటు తీగకు విద్యుత్ నియంత్రణ మండలి ఉంది. ధర పెంచాలంటే బహిరంగ విచారణ పెట్టాలి. రైతు సంఘమైనా, మామూలు వినియోగదారుడైనా అక్కడికి వెళ్లి అభ్యంతరం చెప్పవచ్చు. ఫిర్యాదుల వేదిక ఉంది, పైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2020 డిసెంబరులో కేంద్రం తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు నష్టపరిహారం మాట కూడా చెప్పాయి. పక్కనున్న గాజుతీగకు ఇంత ఏర్పాటు లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నాణ్యతా ప్రమాణాలు నిర్ణయిస్తుందిగానీ ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించదు. ప్రజల డబ్బుతో వేసిన తీగకు ధర ఎంతో తేల్చే బహిరంగ విచారణ రెండు రాష్ట్రాల్లో ఏదీ పెట్టలేదు. 149 రూపాయల ధర తర్వాతి ఏళ్లలో నిలవలేదు. దాన్ని ఎవరు, ఏ లెక్కన మార్చారో అడగడానికి వినియోగదారుడికి మెట్లెక్కే గుమ్మం లేకపోయింది. ఊరికి బోరు వేసి, మోటారు బిగించి, కాలిపోతే ఎవరు బాగుచేయాలో చెప్పకుండా వదిలేసినట్టయింది.

ధరను నమ్ముకున్న విధానం ఎక్కడైనా ఇలాగే జారుతుంది. అమెరికా అనుభవం చూడండి. 2021 చివర్లో అక్కడి కాంగ్రెస్ అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్ పేరుతో తక్కువ ఆదాయపు కుటుంబాల ఇంటర్నెట్ బిల్లులో నెలకు 30 డాలర్లు, మూలవాసుల భూముల్లో 75 డాలర్లు ప్రభుత్వం కట్టేలా చట్టం చేసింది. కేటాయించింది 1,420 కోట్ల డాలర్లు. దాదాపు 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు చేరాయి. డబ్బు అయిపోయింది, కాంగ్రెస్ మళ్లీ ఇవ్వలేదు. 2024 జూన్ 1తో పథకం ఆగింది. కోట్లాది కుటుంబాలకు చేరిన మంచి పథకం, సాయమే తప్ప హక్కు కానందువల్ల, ఒక్క బడ్జెట్ నిర్ణయంతో పోయింది. అంత సంపన్న దేశంలోనే అలా జరిగితే, మన రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పుడల్లా ఫైబర్‌నెట్‌లో ధర మారడం, పథకం మారడం, 2025 ఫిబ్రవరిలో సంస్థ చైర్మనే అధికారులతో పేచీ పడి రాజీనామా చేయడం ఆశ్చర్యపోయే సంగతులు కావు.

కాబట్టి ఎవరు ఎక్కువ ఇళ్లకు ఇచ్చారన్న లెక్కతోనే ఆంధ్రప్రదేశ్‌కు మార్కులు వేయడానికి నేను సిద్ధంగా లేను. కేరళలో ఇరవై లక్షలని ఒకసారి అన్నందువల్ల, అది ఎక్కడిదాకా వచ్చిందని శాసనసభలో, పత్రికల్లో, వీధిలో అడుగుతూనే ఉన్నారు. జవాబు సిగ్గుపడేలా ఉన్నా అడిగేవాడికి ఆధారం ఉంది. మన దగ్గర అడిగే ఆధారమే లేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపు లేనివాళ్లు బ్యాంకు ఈ-కేవైసీలో కన్ను ఆర్పలేక, కెమెరాకు ముఖం చూపలేక పడుతున్న పాట్లను విని, డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. కేరళ 2017లో అన్నదాన్ని దేశపు అత్యున్నత న్యాయస్థానం మరింత బరువుగా చెప్పింది. ఇక ఏ రాష్ట్రమూ చౌకగా ఇస్తున్నాం కదా అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

ఎందుకంటే ఇంటర్నెట్ కావాలని పేదవాడు అడగకముందే ప్రభుత్వం అతణ్ని ఇంటర్నెట్‌లోకి లాగింది. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ బియ్యానికి ఈ-పోస్ యంత్రం మీద వేలిముద్ర పడాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట మేటు రోజుకు రెండుసార్లు ఫోనులో ఫొటో తీసి హాజరు పంపాలన్న నిబంధన దేశమంతటా వచ్చింది. మైదానంలో ఇది చిరాకు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఇది కూలి పోవడం. సిగ్నల్ తగిలే గట్టు మీదికి యంత్రాన్ని మోసుకెళ్లి, అక్కడ వరసకట్టి వేలిముద్ర వేసి, బియ్యం కోసం మళ్లీ కిందికి దిగే ఊళ్లు ఉన్నాయి. వేలు అరిగిన ముసలమ్మను ఆ గట్టు దాకా నడిపించేది ఎవరు? ఆ ఊళ్లకు కరెంటు స్తంభమే ఆలస్యంగా వెళ్లింది, దాని మీది గాజుతీగ మాట అడగనే అక్కర్లేదు. కేరళ అట్టప్పాడిలోనూ వయనాడులోనూ చెల్లాచెదురుగా ఉన్న గిరిజన ఊళ్లకు నియోజకవర్గానికి వంద అన్న లెక్కలో ఎన్ని ఇళ్లు వస్తాయి? ధర అన్న విధానమూ హక్కు అన్న విధానమూ రెండూ కొండ ఎక్కలేకపోయాయి. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

2023 ఆగస్టులో కేంద్రం భారత్‌నెట్‌ను సవరించి 1.39 లక్షల కోట్లు కేటాయించింది. ఈ పనికి డబ్బు వచ్చే దారుల్లో ఒకటి మన ఫోను బిల్లులే. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం వసూలు చేసి కూడబెట్టిన యూనివర్సల్ సర్వీస్ నిధికి ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అని పేరు. చింతపల్లి సంతలో పది రూపాయల రీఛార్జి చేసుకున్న కూలివాడి వాటా కూడా అందులో ఉంది. ఆ డబ్బుతో వేసే తీగ ఒప్పందాల్లోనైనా కొన్ని మాటలు రాయించుకోవాలి. తీగ తెగిన రోజు నుంచి కనెక్షన్ తిరిగొచ్చేదాకా ఎన్ని రోజులు పట్టిందో పంచాయతీ వారీగా ప్రతి నెలా గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. తుపాను తర్వాత స్తంభం నిలబెట్టే డిస్కం సిబ్బందికే గాజుతీగ బాధ్యత కూడా ఇచ్చి, అందుకు డబ్బు ఇవ్వాలి. స్ప్లైసింగ్ చేసే కేబుల్ ఆపరేటర్‌కు మరమ్మతు కూలి ప్రభుత్వమే కట్టాలి. ధర మార్చేముందు విద్యుత్ ఛార్జీలకు లాగే బహిరంగ విచారణ పెట్టాలి. రేషన్‌కూ హాజరుకూ వేలిముద్ర అడిగే ప్రతి ఊళ్లో, ఆ వేలిముద్ర వెళ్లే దారి ప్రభుత్వం వేసేదాకా, కాగితం మీద సంతకం చెల్లుబాటు కావాలి.